కళింగపట్నం నుంచి గోకర్ణం దాకా: మిత్రులతో కారులో దేశాన్ని అడ్డంగా దాటడం ఎలా

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఒడ్డున బయలుదేరి, కోస్తా జిల్లాలను, నల్లమలను, రాయలసీమను, ఉత్తర కర్ణాటకను దాటి, పడమటి కనుమలు దిగి, అరేబియా సముద్రం పక్కన గోకర్ణంలో బండి ఆపడానికి ఒకవైపు సుమారు 1,350 కిలోమీటర్లు ప్రయాణించాలి. చూడవలసినవి చూస్తూ వెళ్లి తిరిగి వచ్చేసరికి మొత్తం 3,000 కిలోమీటర్లు అవుతుందని లెక్క వేసుకోవడం మంచిది. ఈ దారిలో ముగ్గురు మిత్రులతో కలిసి నేను రెండుసార్లు వెళ్లి వచ్చాను. మొదటిసారి కారుకు ఏ ఇబ్బందీ రాలేదు కానీ, చిన్ననాటి నుంచి కలిసి పెరిగిన మేం నలుగురం ఆరో రోజుకల్లా ఒకరితో ఒకరం ముక్తసరిగా మాట్లాడుకొనే స్థితికి వచ్చాం. రెండోసారి బయలుదేరడానికి నెల రోజుల ముందు విజయనగరంలో మా ఇంటి మేడ మీద కూర్చుని మూడు గంటల పాటు డబ్బు, నిద్ర, డ్రైవింగు, తిండి అన్నీ తేల్చుకున్నాం. ఆ ప్రయాణంలో ఒక్క మాట కూడా తేడా రాలేదు. అందుచేత ఈ వ్యాసంలో బండి గురించి ఎంత రాస్తానో, బండిలో కూర్చునేవారి మధ్య ముందుగా కుదరవలసిన ఒప్పందం గురించి అంతకంటే ఎక్కువ రాస్తాను.

ఎవరెవరు వెళ్లాలి

ఐదుగురు కూర్చునే కారులో నలుగురే వెళ్లాలి. వెనుక సీటు మధ్యలో కూర్చున్నవారు పూట ప్రయాణాన్ని ఓర్చుకోగలరు కానీ, పది రోజులు ఓర్చుకోలేరు. పైగా ఐదో మనిషితో పాటు ఐదో పెట్టె కూడా వస్తుంది. అది డిక్కీలో పట్టక కాళ్ల దగ్గరికి చేరుతుంది. నలుగురిలో కనీసం ఇద్దరు, వీలైతే ముగ్గురు బండి నడపగలిగినవారై ఉండాలి. లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఘాట్ రోడ్డులో నడిపిన అనుభవం కావాలి. మన ప్రాంతంవారికి ఈ పరీక్ష చాలా దగ్గరలోనే దొరుకుతుంది: ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక ఆదివారం నలుగురూ సామానుతో సహా కారెక్కి, విజయనగరం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, నడపబోయే ప్రతి ఒక్కరూ కొంత ఎక్కుడు, కొంత దిగుడు నడిపి సాయంత్రానికి తిరిగి రావాలి. నిండు బరువుతో బండి ఎలా ఎక్కుతుందో, బ్రేకులు వాసన వస్తున్నాయా లేదా, వెనుక కూర్చున్నవారిలో ఎవరికి మలుపుల్లో కడుపులో తిప్పుతుందో అన్నీ ఆ ఒక్క రోజులో తెలిసిపోతాయి. మా నలుగురిలో ఒకరికి వాంతులవుతాయని ముప్పై ఏళ్ల స్నేహంలో మాకు తెలియదు, అనంతగిరి ఘాట్‌లో తెలిసింది. ఆ తరువాత ఆయనను ఎప్పుడూ ముందు సీటులోనే కూర్చోబెట్టాం.

ముందుగా అడిగి తెలుసుకోవలసిన ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి. పొద్దున్న ఎన్నింటికి లేవగలరు, గుడి ముందా సముద్రం ముందా, మాంసాహారం లేని రోజులు ఎవరికి ఏవి, మందు తాగే అలవాటు ఎవరికి ఉంది, ఎవరికి ఎన్ని రోజుల సెలవు ఉంది అన్నవి మొహమాటం లేకుండా అడగాలి. సెలవు తక్కువ ఉన్నవారి కోసం అందరూ పరుగులు పెట్టడం కంటే, తిరుగు ప్రయాణంలో ఆ ఒక్కరూ హుబ్బళ్లిలోనో గుంతకల్లులోనో రైలెక్కడం మేలు. రెండూ పెద్ద జంక్షన్లే. ఇక అన్నింటికంటే ముఖ్యమైన నియమం ఒకటి మేం రెండోసారి పెట్టుకున్నాం. బండిలో ఎవరైనా “ఆపు” అంటే వీలైన మొదటి చోట ఆపాలి, కారణం అడగకూడదు. నడిపేవారికి నిద్ర వస్తోందని పక్కనున్నవారికి అనుమానం కలిగినా, వెనుకవారికి భయం వేసినా, ఆ మాట చెప్పడానికి సంకోచం ఉండకూడదు. మొదటి ప్రయాణంలో “ఇంకెంతరా, యాభై కిలోమీటర్లే గదా, ఎల్లిపోదాం” అన్న మాటకు అందరం తల ఊపాం. తొమ్మిది గంటలకు ఆలస్యంగా బయలుదేరిన ఆ రోజు రాత్రి పదకొండు దాటాక, నడుపుతున్న మిత్రుడి కళ్లు ఒక్క క్షణం మూతపడి బండి డివైడరు వైపు జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అంతకుముందే అరగంట నుంచి ముగ్గురమూ గమనిస్తున్నా, అతను నొచ్చుకుంటాడని ఎవరమూ ఆపమనలేదు.

డబ్బు సంగతి

స్నేహితుల మధ్య లెక్కలేమిటి అనే మర్యాద రెండు రోజుల ప్రయాణానికి సరిపోతుంది. పది రోజుల ప్రయాణానికి ఆ మర్యాదే తగవులకు మూలం అవుతుంది, ఎందుకంటే ఎవరు ఎంత ఖర్చు పెట్టారో ఎవరికి వారికి తమ ఖర్చే గుర్తుంటుంది. ముందుగా నలుగురిలో అందరికంటే తక్కువ సంపాదన ఉన్నవారికి సౌకర్యంగా ఉండే గది ఏదో, భోజనం ఏదో దాన్నే అందరికీ ప్రమాణంగా పెట్టుకోవాలి. ఆ మాట ఆయన నోటితో చెప్పించకూడదు. సంపాదన ఎక్కువ ఉన్నవారే తక్కువ ధర గదిని ముందుగా సూచించాలి.

అంచనా ఇలా వేసుకోవచ్చు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు 3,000 కిలోమీటర్లకు 200 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున 22,000. రాత్రికి రెండు గదులు, గదికి 2,000 చొప్పున పది రాత్రులకు 40,000. మనిషికి రోజుకు 600 చొప్పున పదకొండు రోజుల తిండికి 26,400. టోల్‌కు 3,000 తీసి పెడితే మొత్తం 91,400 అవుతుంది. ఊహించని ఖర్చుకు మరో 12,600 కలిపితే 1,04,000, అంటే మనిషికి 26,000. బయలుదేరే ముందే ఒక్కొక్కరూ ఈ మొత్తాన్ని ఒకే ఖాతాలో వేసి, ఖర్చు పెట్టే అధికారం ఒక్కరికే అప్పగించాలి. ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండాలి. ఫోన్‌లో లెక్కలు రాసే యాప్‌లు ఉన్నాయి కానీ, రాత్రి గదిలో పుస్తకం మధ్యలో పెట్టి ఆ రోజు ఖర్చును గట్టిగా చదివి వినిపించడంలో ఉన్న స్పష్టత వాటిలో నాకు కనిపించలేదు.

ఉమ్మడి ఖర్చు ఏది, సొంత ఖర్చు ఏది అన్నది కూడా ముందే రాసుకోవాలి. పెట్రోలు, టోల్, పార్కింగు, గదులు, భోజనాలు, కాఫీ టీలు, పంక్చర్లు ఉమ్మడి. ఇంటికి కొనే వస్తువులు, మందు, సిగరెట్లు ఎవరివి వారివి. కారు సొంతదారు విషయంలో న్యాయంగా ఉండాలి: వెళ్లేముందు, వచ్చాక చేయించే సర్వీసింగు, ఇంజను ఆయిలు మార్పు ఉమ్మడి ఖర్చులో పడాలి, గీత పడినా, సొట్ట పడినా, బీమా ఇవ్వగా మిగిలినది నలుగురూ పంచుకోవాలి. అతివేగం జరిమానా మాత్రం నడిపినవారిదే. చలానా ఎన్నో రోజుల తరువాత సొంతదారు ఫోన్‌కు సందేశంగా వస్తుంది కనుక, ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా ఎవరు నడిపారో సమయంతో సహా అదే పుస్తకంలో రాసి ఉంచుకోవాలి. ఈ ఒక్క అలవాటు మాకు ఒక పెద్ద వాదనను తప్పించింది.

కారు లేనివారు తెలిసినవారి సొంత కారుకు అద్దె కట్టి తీసుకెళ్లకూడదు. తెల్ల పలక ఉన్న సొంత బండిని అద్దెకు తిప్పడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. స్వయంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే కార్లకు నల్ల పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. అటువంటిదే తీసుకుని, ఇతర రాష్ట్రాలకు తీసుకెళ్లడానికి అనుమతి ఉందో లేదో కాగితం మీద చూసుకోవాలి.

ఎప్పుడు బయలుదేరాలి

ఈ దారికి రెండు సముద్రాల వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి కనుమల్లో వాన ఆగదు, కొండచరియలు విరిగిపడతాయి. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరు వద్ద జాతీయ రహదారి మీదే కొండ విరిగిపడి ప్రాణాలు పోయాయి. గోకర్ణం వెళ్లే దారి అదే. అక్టోబరు, నవంబరు నెలలు మన వైపు తుఫానుల కాలమని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11న తిత్లీని చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మార్చి తరువాత రాయలసీమలో, బళ్లారిలో ఎండ భరించడం కష్టం. మిగిలినది డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. అందులోనూ సంక్రాంతికి ముందు వారం, తరువాత మూడు నాలుగు రోజులు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఊళ్లకు వచ్చి వెళ్లే బండ్లతో టోల్ గేట్ల దగ్గర బారులు తీరుతాయి. ముక్కనుమ కూడా దాటాక, ఆ రద్దీ తగ్గిన వారంలో బయలుదేరడం అన్నివిధాలా అనుకూలం.

బండి, కాగితాలు

సర్వీసింగును బయలుదేరే ముందు రోజు కాకుండా కనీసం పదిహేను రోజుల ముందు చేయించాలి. కొత్తగా వేసిన భాగంలో లోపం ఉంటే మొదటి వందా రెండు వందల కిలోమీటర్లలోనే బయటపడుతుంది, అది మన ఊరిలో బయటపడితే మన మెకానిక్ దగ్గరికి నడిపించుకు వెళ్లవచ్చు. టైర్ల గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు కానీ, ఇంత దూరానికి మూడు మిల్లీమీటర్లైనా లేనివాటిని నమ్మవద్దని నా సలహా. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. గాడి ఎంత బాగున్నా ఆరేళ్లు దాటిన టైరును మార్చడమే మంచిది. గాలి పొద్దున్న, టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పట్టికలో నిండు బరువుకు చెప్పిన లెక్క ప్రకారం పట్టించాలి. స్టెప్నీలో గాలి చూడటం చాలామంది మరచిపోతారు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసి, నలుగురూ ఒకసారి ఇంటి ముందే టైరు మార్చి చూడాలి.

లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజిలాకర్‌లో ఉంటే చట్టప్రకారం చెల్లుతాయి, అయినా సిగ్నల్ అందని ఘాట్ల కోసం నకళ్లు డ్యాష్‌బోర్డు అరలో ఉంచుకోవాలి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు వార్షిక పాసు వచ్చింది; మొదలైనప్పుడు దాని ధర 3,000 రూపాయలు, ఏడాదికి లేదా 200 టోల్ దాటింపులకు, వీటిలో ఏది ముందు పూర్తయితే అంతవరకు చెల్లుతుంది. అది జాతీయ రహదారుల గేట్ల వద్దే పనిచేస్తుంది కనుక, రాష్ట్ర రహదారుల కోసం ఫాస్టాగ్‌లో కొంత నిల్వ విడిగా ఉంచాలి.

సామానులో ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతుల మాత్రలు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువగా, టార్చి, ఎర్ర త్రికోణం, పది లీటర్ల నీళ్ల డబ్బా ఉండాలి. మొదటి రోజు మధ్యాహ్నానికి ఇంట్లో కలిపిన పులిహోర, పది రోజులూ నిలిచే జంతికలు, అరిసెలు పెట్టుకుంటే హోటలు వెతుక్కునే తొందర తగ్గుతుంది. పలాస జీడిపప్పు పొట్లాలు నాలుగైదు అదనంగా తీసుకెళ్లండి. దారిలో సాయపడినవారి చేతిలో డబ్బు పెడితే నొచ్చుకుంటారు. మా ఊరి పక్క పంట అని చెప్పి ఇస్తే సంతోషంగా పుచ్చుకుంటారు.

దారి

వెళ్లేటప్పుడు రోజుకు 300 కిలోమీటర్లు, ఎట్టి పరిస్థితిలోనూ 350 దాటకుండా, చీకటి పడేసరికి గదికి చేరేలా విభజించుకోవాలి. ఫోన్‌లోని పటం చూపించే సమయానికి మూడో వంతు కలుపుకుంటే అసలు సమయం వస్తుంది. ఈ లెక్కన గోకర్ణానికి ఆరు రోజులు పడుతుంది, అందులో ఒక రోజు హంపిలో బండి కదలదు.

మొదటి రోజు తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డున సూర్యోదయం చూసి, శ్రీకాకుళం వచ్చి అరసవల్లిలో దర్శనం చేసుకుని రహదారి ఎక్కాలి. విజయనగరంవారు పైడితల్లి అమ్మవారి గుడి ముందు బండికి పూజ చేయించుకుని మిత్రులను రహదారి మీద కలుసుకోవచ్చు. ఆనందపురం దగ్గర విశాఖపట్నం నగరంలోకి పోకుండా పెందుర్తి మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల దారి పడితే చాలా సమయం కలిసి వస్తుంది. అన్నవరంలో ఆకులో పెట్టి ఇచ్చే ప్రసాదం తీసుకుని సాయంత్రానికి రాజమహేంద్రవరం చేరి ఆగిపోవాలి. ఓపిక ఉంది కదా అని విజయవాడ దాకా వెళ్లాలనిపిస్తుంది. మొదటి రోజు ఉత్సాహం అలసటను కప్పిపెడుతుంది, దాని ఫలితం మూడో రోజు ఘాట్‌లో కనిపిస్తుంది కనుక ఆ కోరికను అణచుకోవాలి.

రెండో రోజు తొందరపడి తెల్లవారుజామునే బయలుదేరవద్దు. చలికాలంలో గోదావరి మీద, చేల మీద పొగమంచు దట్టంగా ఉంటుంది. ఎండ పొడసూపాక కదలాలి. రావులపాలెం దగ్గర గౌతమిని, సిద్ధాంతం దగ్గర వశిష్ఠను దాటి, ఏలూరు, విజయవాడ, గుంటూరుల మీదుగా నరసరావుపేటలో ఆగాలి. దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొంటే అట్టపెట్టెను అందరి సామాను మీద పెట్టండి.

మూడో రోజు వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల, అక్కడి నుంచి కర్నూలు. గిద్దలూరులో పెట్రోలు నింపుకొని, మధ్యాహ్నానికల్లా ఘాట్ ఎక్కాలి. ఘాట్‌లో ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నియమం. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగాలి. బ్రేకు మీద కాలు అదిమి ఉంచితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అది అడవి, జంతువుల ఇల్లు. కోతులకు తిండి వేయకుండా, పాటలు ఆపేసి, ఎక్కడా దిగకుండా దాటిపోవడం మన బాధ్యత.

నాలుగో రోజు కర్నూలు నుంచి 44వ నంబరు రహదారి మీద డోన్, గుత్తి వెళ్లి, గుత్తి దగ్గర 67వ నంబరు రహదారి పట్టుకుంటే గుంతకల్లు, బళ్లారి, హొసపేట వరుసగా వస్తాయి. ఆంధ్రలో కంటే కర్ణాటకలో పెట్రోలు ధర కొంత తక్కువ. గుంతకల్లులో నింపకుండా సరిపడా ఉంచుకుని బళ్లారిలో ట్యాంకు నింపితే కొన్ని వందలు మిగులుతాయి. తిరుగు ప్రయాణంలో బళ్లారిలోనే మళ్లీ నిండా పోయించుకోవాలి. బళ్లారి దాకా తెలుగు చక్కగా నడుస్తుంది. ఆపైన కన్నడం అవసరం అయినా, తెలుగు చదవగలిగినవారికి కన్నడ బోర్డులు కూడబలుక్కుంటే అర్థమవుతాయి. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. ఎష్టు అంటే ఎంత, ఊట అంటే భోజనం, బలక్కె అంటే కుడికి, ఎడక్కె అంటే ఎడమకు, దారి అంటే దారే. ఎల్లి అంటే ఎక్కడ అని అర్థం. వెళ్లి అనడానికి ఎల్లి అనే మన శ్రీకాకుళంవారు ఈ ఒక్క మాట దగ్గర కాస్త జాగ్రత్తగా వినాలి.

హొసపేట పక్కనే ఉన్న హంపికి ఒక పూర్తి రోజు ఇవ్వండి. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ఈ నగరం మన ప్రాంతానికి పరాయిది కాదు. ఇక్కడి నుంచి బయలుదేరిన శ్రీకృష్ణదేవరాయలు గజపతులను గెలుస్తూ మన దాకా వచ్చి, పొట్నూరులో విజయస్తంభం నాటి, 1516లో సింహాచలేశుడికి ఆభరణాలు సమర్పించి శాసనం వేయించాడు. నాలుగు రోజుల పాటు కారులో మనం వచ్చిన దూరాన్ని ఆయన సైన్యం కాలినడకన, గుర్రాల మీద, ఏనుగుల మీద కొలిచింది. విరూపాక్షాలయం ముందు నిలబడినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యంలో ఎక్కువ పాలు ఆ దూరానిదే, ఎందుకంటే ఆ దూరం అప్పటికి నా నడుముకు తెలుసు. పొద్దున్నే మాతంగ పర్వతం ఎక్కి, ఎండ ముదరకముందే విఠ్ఠలాలయంలో రాతి రథం చూడాలి. యాభై రూపాయల నోటు వెనుక ఉన్నది ఆ రథమే. మధ్యాహ్నం నలుగురూ విడివిడిగా ఎవరికి నచ్చిన చోటికి వారు వెళ్లి, సాయంత్రం తుంగభద్ర ఒడ్డున కలుసుకోండి. ఐదు రోజులు ఒకే బండిలో ఉన్నవారికి ఆ నాలుగు గంటల ఏకాంతం చేసే మేలు ఎంతో అనుభవించి చెబుతున్నాను.

ఆరో రోజు కొప్పళ, గదగ, హుబ్బళ్లి, యల్లాపుర మీదుగా అరబైలు ఘాట్ దిగి అంకోలా చేరితే సముద్రపు గాలి తగులుతుంది. గదగ, హుబ్బళ్లి వైపు జొన్నరొట్టె భోజనం, గిర్మిట్ అనే కారపు బొరుగులతో మిరపకాయ బజ్జీ వదలకూడదు. హుబ్బళ్లి రైల్వే స్టేషన్‌లో 1,507 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఉంది. కాళ్లు సాగదీయాలంటే అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. అరబైలు దిగుడులో గనుల, ఓడరేవుల లారీలు ఎక్కువ, వాటిని దాటాలని ప్రయత్నించవద్దు. సాయంత్రం ఐదుకల్లా గోకర్ణం చేరేలా చూసుకోండి. ఊరికి దగ్గరలో సాణికట్ట ఉప్పు మళ్లు కనిపిస్తాయి. మన నౌపడ ఉప్పు కొఠార్లు చూసి పెరిగినవారికి ఆ తెల్లని కుప్పల దగ్గర బండి ఆపకుండా ఉండటం సాధ్యం కాదు. అక్కడి నుంచి ఓం బీచికో కుడ్లే బీచికో వెళ్లి, సూర్యుడు నీళ్లలోకి దిగడం చూడండి. మన ఒడ్డున ఎన్నడూ కనిపించని దృశ్యం అది.

నడుపుతున్నప్పుడు

రెండు గంటలకు ఒకసారి ఆపి, దిగి పది నిమిషాలు నడవాలి, అక్కడే డ్రైవరు మారాలి. మధ్యాహ్నం భోజనం చేసిన వెంటనే నడిపేవారు ఆ పూట తక్కువ తిన్నవారై ఉండాలి. నడిపేవారి పక్కన కూర్చున్నవారు నిద్రపోకూడదు. దారి చెప్పడం, ఫోన్ ఎత్తడం ఆయన పని. రాత్రి మందు తాగినవారు మరునాడు ఉదయం మొదటి విడత నడపకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా ఉంటాయి. రాష్ట్రం దాటించి సీసాలు తేవడం కూడా కేసులకు దారితీస్తుంది కనుక ఆ పని అసలు పెట్టుకోవద్దు.

రహదారి ఎంత వెడల్పుగా ఉన్నా, ఊళ్ల దగ్గర డివైడరు తెగిన చోట్ల ఎదురు దారిలో ట్రాక్టర్లు, బైకులు వస్తాయి. చలికాలంలో పక్క దారుల మీద ధాన్యం, చోళ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు; చీకట్లో ఆ రాళ్లు కనిపించవు. బండి చెడిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, యాభై మీటర్ల వెనుక త్రికోణం పెట్టి, అందరూ దిగి రోడ్డు అంచు కంచెకు అవతల నిలబడాలి. బండి వెనుక నిలబడి డిక్కీలో వెతకడం, రోడ్డు వైపు కూర్చుని టైరు మార్చడం ప్రాణం మీదకు తెస్తాయి. జాతీయ రహదారుల సహాయానికి 1033, ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108. ఎవరిదైనా ప్రమాదం కళ్లబడితే ఆగి సాయం చేయండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం అలా సాయపడినవారికి రక్షణ కల్పించింది, పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయకూడదు.

తిరిగి వచ్చాక

గోకర్ణంలో రెండు రాత్రులు ఉండి, అదే దారిలో హుబ్బళ్లి, కర్నూలు, విజయవాడల్లో రాత్రులు ఆగుతూ నాలుగు రోజుల్లో ఇంటికి రావచ్చు. విజయవాడ నుంచి శ్రీకాకుళం చివరి అంచె 465 కిలోమీటర్ల దాకా ఉంటుంది; ఇల్లు దగ్గరపడిందన్న ధీమా వల్ల అందరం పొరపాట్లు చేసేది ఆ రోజే. కాబట్టి ఆరు గంటలకే బయలుదేరి ముగ్గురు డ్రైవర్లూ వంతులు వేసుకోవాలి, లేదంటే మధ్యలో అనకాపల్లిలో మరో రాత్రి ఆగాలి. సెలవు ఒక రోజు పొడిగించవలసి వచ్చినా నేను రెండోదాన్నే ఎంచుకుంటాను.

చేరిన వారం లోపల కారును సర్వీసింగుకు ఇచ్చి, ఆ రసీదు వచ్చాక నలుగురూ ఒక సాయంత్రం కలిసి పుస్తకం ముందు పెట్టుకుని లెక్క ముగించండి. మిగిలిన డబ్బు ఎవరి వాటా వారికి వెంటనే పంపండి, తరువాత చూద్దామని ఉంచవద్దు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడిపారో రాసిన పేజీలను మాత్రం చించకుండా, చలానాలు వచ్చే గడువు గడిచేదాకా మూడు నెలలైనా ఆ పుస్తకాన్ని డ్యాష్‌బోర్డు అరలోనే ఉంచండి.